చల్లారిన నిప్పునది

అమెరికా నైరుతి ఎడారిలో అయిదు వేల ఏళ్ళ క్రితం గడ్డకట్టిన లావా ప్రవాహం అది. స్పానియార్డులు దానికి ‘చెడ్డ నేల’ అని పేరు పెట్టారు. ఆ నేలమీద ఒక పగలు నడిచి, ఒక రాత్రి నిద్రించిన యాత్రికుడికి ఆ పేరు అర్ధసత్యమేనని తెలిసివస్తుంది.

న్యూ మెక్సికో రాష్ట్రంలో రియో గ్రాండే నది నుంచి తూర్పుగా సాగే 380వ నంబరు రహదారి చాలా దూరం యాత్రికుడికి విసుగే కలిగిస్తుంది. ఎండిన గడ్డి, బూడిదరంగు తుప్పలు, దూరాన నీలికొండలు, మళ్ళీ ఎండిన గడ్డి. అంతలో, ఎవరో లోయకు అడ్డంగా తారు ఒలకబోసినట్టు ఒక నల్లని చార కళ్ళబడుతుంది. దగ్గరకు వెళ్ళేకొద్దీ అది చార కాదు, నది అని అర్థమవుతుంది. అలలున్నాయి, సుడులున్నాయి, ఒడ్డులున్నాయి. లేనివి నీరు, కదలిక మాత్రమే. అలలన్నీ రాతివి.

ఇదే కారిజోజో మాల్పైస్. స్పానిష్ భాషలో ‘మాల్పైస్’ అంటే చెడ్డ నేల. గుర్రపు డెక్కలు చీలిపోయే నేల, బండి చక్రం సాగని నేల, నాగలి దిగని నేల. దక్షిణ నైరుతి దిశగా సుమారు 70 కిలోమీటర్ల పొడవున, 6 నుంచి 10 కిలోమీటర్ల వెడల్పున తులరోసా లోయలో ఇది పరచుకొని ఉంది. విస్తీర్ణం సుమారు 330 చదరపు కిలోమీటర్లు. మిక్కిలి మందమైన చోట రాతి లోతు 50 మీటర్లకు చేరుతుంది. పక్కనే ఉన్న కారిజోజో ఊరు 1899లో రైలుమార్గంతోపాటు పుట్టింది. నేడు అక్కడి జనాభా వెయ్యికి లోపే. ఊరికి పడమరగా ఆరేడు కిలోమీటర్ల దూరంలో, లావా అంచున, ‘అగ్నిలోయ’ అనే విహారస్థలం ఉంది. కేంద్ర ప్రభుత్వ భూనిర్వహణ శాఖ దానిని చూసుకుంటుంది. గుడారం వేసుకోవడానికి, నడవడానికి, జంతువులను చూడడానికి వచ్చేవారికి ఇదే మజిలీ.

మూడు దశాబ్దాల ప్రవాహం

ఈ రాతినదికి పుట్టుక ఉత్తరాన ఉన్న ‘లిటిల్ బ్లాక్ పీక్’ అనే చిన్న గుట్ట. దాని ఆకారం చూసినవారు ఇంత రాయి దాని కడుపులోంచి వచ్చిందంటే నమ్మరు. అయితే అసలు కారణం గుట్ట కాదు, దాని కింది భూమి. రియో గ్రాండే వెంబడి భూమి పైపొర కోట్ల ఏళ్ళుగా తూర్పు పడమరలకు సాగుతూ పలచబడుతూ వచ్చింది. తులరోసా లోయ ఆ సాగుడు వల్ల దిగబడిన పల్లమే. అటువంటి పలచని చోట్ల నెర్రెలు దొరికినప్పుడు లోతుల్లోని కరిగిన రాయి పైకి ఎగదన్నుతుంది.

లావా అనగానే మహావిస్ఫోటనం, పరుగులు తీసే జనం మనసులో మెదులుతారు. ఇక్కడ జరిగింది వేరు. 1993లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ లావా తొందరపడకుండా, దాదాపు మూడు దశాబ్దాల పాటు ప్రవహించింది. పైభాగం త్వరగా చల్లబడి పెంకు కట్టింది. ఆ పెంకు కింద, దుప్పటి కప్పుకున్నట్టు వేడిని కాపాడుకుంటూ, ద్రవశిల సొరంగాల గుండా దూరతీరాలకు పారింది. ఉబ్బిన చోట పెంకు పగిలి నెర్రెలిచ్చింది. లోపలి ద్రవం జారిపోయి ఖాళీ అయిన చోట కప్పు కూలి గుంటలు పడింది. నేడు కనబడే దిబ్బలు, బిలాలు, గుహలు, తాళ్ళు పేనినట్టున్న రాతిముడతలు అన్నీ ఆ నిదానపు ప్రయాణం విడిచిన ఆనవాళ్ళు. పుట్టిన పాపకు పెళ్ళీడు వచ్చి పిల్లలు కలిగేంత కాలం ఆ నిప్పునది పారుతూనే ఉందన్నమాట.

తెలుగువారికి ఈ రాయి పూర్తిగా పరాయిది కాదు. 6.6 కోట్ల ఏళ్ళ నాడు దక్కన్ పీఠభూమిని ముంచెత్తినదీ ఇటువంటి బసాల్ట్ లావాయే. అది నేటికీ అయిదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని ఉంది. కారిజోజో దాని ముందు పిల్లకాలువ. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి క్వారీలలో బయటపడే నల్లరాయి పడమటి నుంచి పురాతన నదీలోయల గుండా సుమారు వెయ్యి కిలోమీటర్లు పారివచ్చిన లావా అని పరిశోధకులు భావిస్తున్నారు. ఉత్తర, పశ్చిమ తెలంగాణలో పత్తి పండించే నల్లరేగడిలో చాలా భాగం ఆ రాయి చివికి మట్టి అయినదే. రాతిని రేగడిగా మార్చడానికి కాలానికి కోట్ల ఏళ్ళు దొరికాయి. కారిజోజోకు దొరికింది అయిదు వేల ఏళ్ళు. కాలం ఇక్కడ తన పనిని ఇప్పుడే మొదలుపెట్టింది.

నెర్రెలో ఒక చెట్టు

విహారస్థలం ఉన్న చోటే ఒక వింత. అది లావా మీద లేదు. చుట్టూ నల్లని ప్రవాహం మూసుకువస్తుండగా మునగకుండా మిగిలిన ఇసుకరాతి మిట్ట అది. అంటే దీవి. గుడారాలు, బల్లలు, ఎండకు చిన్న చిన్న పందిళ్ళు అన్నీ ఆ మిట్టమీదే. అక్కడినుంచి ఒక కాలిబాట లావాలోకి దిగి, చుట్టుతిరిగి, కిలోమీటరుకు కొంచెం పైగా సాగి మళ్ళీ మిట్టకు చేరుతుంది. బాట గట్టిగా పరచినది కనుక చక్రాల కుర్చీలోని వారు కూడా ఆ రాతినది నడిబొడ్డుకు చేరగలరు.

మొదటి పది అడుగుల్లో యాత్రికుడికి కనిపించేది నలుపు ఒక్కటే. మరో పది అడుగులు వేసి కాస్త నిలబడితే ఆకుపచ్చ కనబడడం మొదలవుతుంది. ప్రతి నెర్రెలోనూ ఏదో ఒకటి మొలిచి ఉంటుంది. నాగజెముడు, కొమ్మలు కొమ్మలుగా విడిపోయే చోయా అనే ముళ్ళజెముడు, కత్తుల వంటి ఆకుల సోటోల్, గడ్డిపోచలు. ఇక్కడ ఏటా కురిసేది సుమారు 300 మిల్లీమీటర్లు. అంటే మన అనంతపురంలో కురిసే వానలో ఇంచుమించు సగం. అయినా చుట్టూ ఉన్న మైదానంలో లేని పచ్చదనం ఈ రాతిలో ఉంది. రహస్యం నెర్రెల్లోనే ఉంది. రాతిమీద పడిన చినుకు ఇంకదు, ఆవిరయ్యేలోపు జారి నెర్రెలోకి చేరుతుంది. గాలి మోసుకొచ్చిన దుమ్ము అక్కడ అప్పటికే దోసెడంత పేరుకొని ఉంటుంది. రాతిగోడల నీడలో ఆ తడి చాలాకాలం నిలుస్తుంది. పైనుంచి చూసేవారికి శత్రువుగా తోచే రాయే లోపల దాది అవుతుంది.

బాట పక్కన నిలిచిన ఒక జునిపర్ చెట్టుకు నాలుగు వందల ఏళ్ళ వయసని చెబుతారు. పెద్ద ఎత్తేమీ లేదు. మాను మెలికలు తిరిగి, సగం ఎండి, సగం పచ్చగా ఉంటుంది. స్పానిష్ వలసవాదులు ఈ ప్రాంతానికి వచ్చిన తొలినాళ్ళలో మొలకెత్తిన ఆ చెట్టు, వారు చెడ్డదన్న నేలలోనే వేళ్ళు దింపుకొని వారి సామ్రాజ్యం కంటే ఎక్కువకాలం బతికింది.

బాట విడిచి లావా మీద నడవాలనుకునేవారు తొందరపడకూడదు. మందపాటి అడుగున్న బూట్లు, చేతులకు తొడుగులు, కావలసిన దానికంటే ఎక్కువ నీళ్ళు ఉండాలి. ఈ రాయి గాజుముక్కలా కోస్తుంది. గుల్లగా ఉన్న పెంకు కాలికింద విరగవచ్చు. ఇనుము కలిసిన రాయి కావడంతో దిక్సూచి ముల్లు కూడా ఒక్కొక్కచోట తడబడుతుంది. ఎటు చూసినా ఒకే నలుపు, ఒకే ముడతలు. అరకిలోమీటరు నడిచేసరికి వచ్చిన దారి ఏదో తెలియదు. వేసవి పగటివేళ ఎండ 35 డిగ్రీలు దాటడం అరుదు కాదు. రాయి అంతకంటే ఎక్కువగా కాలుతుంది. శీతకాలపు రాత్రులు గడ్డకట్టే చలి. వసంతం, శరత్తు నడకకు అనుకూలమైన కాలాలు. దక్షిణ భాగం వైట్ శాండ్స్ క్షిపణి ప్రయోగక్షేత్రం పరిధిలో ఉంది గనుక అటు ఎవరికీ ప్రవేశం లేదు.

రాత్రి రంగస్థలం

పగలు ఈ నేల నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఆకాశంలో రాబందులు చక్కర్లు కొడతాయి. రాతిమీద బల్లి మెరుపులా పరుగుతీస్తుంది. జెముడుకాకి కుటుంబానికే చెందిన రోడ్‌రన్నర్ పక్షి తోక నిక్కించి బాటకు అడ్డంగా ఉరుకుతుంది. నీడపట్టున గిలకపాము ఉండవచ్చు. కనుక కన్ను వేయని చోట చెయ్యి వేయరాదన్నది ఇక్కడి మొదటి పాఠం. లావా అంచులోని మైదానంలో అదృష్టం ఉన్నవారికి మీటరు పొడవు నిటారు కొమ్ములతో ఒరిక్స్ జింకలు కనిపిస్తాయి. అవి ఇక్కడివి కావు, ఆఫ్రికాలోని కలహారీ ఎడారివి. వేటకోసం 1969-77 మధ్య తొంభైకి పైగా ఒరిక్స్‌లను తెచ్చి వదిలారు. వేటాడే సింహాలు లేని ఈ లోయలో అవి వేల సంఖ్యకు పెరిగాయి.

సూర్యుడు పడమటి ఆస్కురా కొండల వెనక్కి జారగానే దృశ్యం మారుతుంది. దక్షిణ ఆగ్నేయాన 3,650 మీటర్ల సియర్రా బ్లాంకా శిఖరం కొంతసేపు ఎర్రగా వెలిగి ఆరిపోతుంది. బిలాల నుంచి గబ్బిలాలు బయలుదేరతాయి. దూరాన నక్కను పోలిన కయోటీలు కూత అందుకుంటాయి. కొమ్ముల గుడ్లగూబ గంభీరంగా రెండు మూడు పిలుపులు విసురుతుంది. ఆ పిలుపుతో రాతిసందుల్లో ఎక్కడో ఒక చిన్న ప్రాణి బిగుసుకుపోతుంది.

ఆ ప్రాణి పేరు రాక్ పాకెట్ మౌస్. సుమారు పదిహేను గ్రాముల ఎలుక. బుగ్గలకు బయటివైపు సంచులుంటాయి కనుక ఆ పేరు. రాత్రంతా గింజలు ఏరి ఆ సంచుల్లో నింపుకొని కన్నానికి చేరుస్తుంది. నీళ్ళు తాగకుండానే, తిన్న గింజల నుంచి పుట్టే తేమతో బతకగలదు. ఎడారి ఇసుకల్లో, లేతరంగు రాళ్ళలో ఈ జాతి ఎలుకలు ఇసుకరంగులోనే ఉంటాయి. కానీ ఈ లావా మీద ఉండేవి ముదురు గోధుమ నలుపు. రాతికి, ఎలుకకు తేడా తెలియనంత నలుపు.

1933లో జంతుశాస్త్రజ్ఞుడు సెత్ బెన్సన్ ఈ లోయ ఎలుకల మీద ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రచురించాడు. ఆయనను ఆకర్షించింది ఈ లోయలోని విచిత్రమైన పొరుగుతనం. ఉత్తరాన నల్లని లావా, అదే లోయలో దక్షిణాన తెల్లని జిప్సం ఇసుక దిబ్బలు. 2019లో జాతీయవనంగా ప్రకటించిన వైట్ శాండ్స్ అదే. నల్లరాతిమీద నల్ల ఎలుకలు, తెల్లదిబ్బల మీద దాదాపు తెల్లగా ఉన్న అపాచీ పాకెట్ మౌస్‌లు, మధ్య మైదానంలో మట్టిరంగు ఎలుకలు. తెల్లదిబ్బల మీది మూడు రకాల బల్లులు కూడా పాలిపోయిన రంగుకు మారాయి. ఒకే ఎండ, ఒకే వాన, ఒకే గాలి. మారింది నేల రంగు మాత్రమే.

రంగును ఎంచుకున్నది ఎలుక కాదు, గుడ్లగూబ. 1940లలో లీ డైస్ అనే శాస్త్రజ్ఞుడు ఒక గదిలో నేలపై మట్టి పరచి, రెండు రంగుల ఎలుకలను వదిలి, మసకవెలుతురులో గుడ్లగూబలను వాటి మీదికి పంపాడు. మట్టిరంగులో కలిసిపోయినవాటి కంటే, వేరుగా కనబడిన ఎలుకలే ఎక్కువగా చిక్కాయి. లావా మీద జరిగిందీ అదే. మొదట వచ్చి చేరిన లేతరంగు ఎలుకల్లో అరుదుగా ఒకటి ముదురురంగుతో పుట్టి ఉంటుంది. గుడ్లగూబ కంటికి అది ఆనలేదు. దాని పిల్లలు బతికాయి, వాటి పిల్లలు బతికాయి.

కథ అక్కడితో ముగియలేదు. 2003లో జన్యుశాస్త్రజ్ఞులు ఆరిజోనాలోని పినకాటే లావా మీది నల్ల ఎలుకలను పరీక్షించి, వాటి నలుపుకు కారణమైన జన్యువును గుర్తించారు. ఆ జన్యువులో నాలుగు మార్పులు కనిపించాయి. న్యూ మెక్సికో నల్ల ఎలుకల్లోనూ అవే ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు. లేవు. ఇక్కడి ఎలుకలు మరేదో జన్యుమార్గంలో అదే రంగుకు చేరాయి. రెండు చోట్ల రెండు దారులు, గమ్యం ఒక్కటే. ప్రకృతి పరీక్షలో సరైన సమాధానం ఒకటే అయినా, దాన్ని చేరే లెక్క ఒకటే కానక్కరలేదు.

రాత్రి ముదిరేకొద్దీ పాలపుంత ఒక కొండ నుంచి మరొక కొండ దాకా వంతెన కడుతుంది. పెద్ద నగరమేదీ దగ్గర లేకపోవడంతో ఇక్కడి చీకటి నిజమైన చీకటి. పైన నక్షత్రాలు, కింద నక్షత్రకాంతిని కూడా మింగే నల్లరాయి. గుడారం ముందు కూర్చున్నవారు కంఠం తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెడతారు. అలా చేయమని అక్కడ ఏ పలకా రాసి లేదు.

మరొక నిప్పు

ఈ నిశ్శబ్దం 1945 జూలై 16 తెల్లవారుజామున ఒకసారి భగ్నమైంది. లావాకు పడమరగా, ఆస్కురా కొండలకు అవతల, కారిజోజోకు సుమారు 60 కిలోమీటర్ల దూరాన ట్రినిటీ అనే చోట 30 మీటర్ల ఉక్కు గోపురం మీద ప్రపంచంలో మొదటి అణుబాంబును పేల్చారు. అప్పుడు సమయం అయిదున్నరకు కొన్ని క్షణాలు తక్కువ. ఆ ప్రయోగానికి సారథ్యం వహించిన రాబర్ట్ ఓపెన్‌హైమర్ సంస్కృతం చదువుకున్నవాడు. ఆ క్షణంలో తనకు భగవద్గీతలోని విశ్వరూప సందర్భం గుర్తుకు వచ్చిందని ఆయన తరువాత చెప్పాడు. ఆ వేడికి గోపురం ఆవిరైంది. చుట్టూ ఉన్న ఇసుక కరిగి లేతపచ్చని గాజుగా గడ్డకట్టింది.

అక్కడికి ఇరవై కిలోమీటర్ల లోపే ఇళ్ళున్నాయి. లోయలోని ఊళ్ళవారికి ముందుగా ఎవరూ హెచ్చరిక చేయలేదు. వెలుగెందుకు వచ్చిందని అడిగినవారికి దూరాన మందుగుండు కొట్టు పేలిందని ప్రకటించారు. ఆ తరువాత ఆకాశం నుంచి తెల్లని బూడిద రాలింది. వాననీటిని తొట్టెల్లో పట్టుకొని తాగే కుటుంబాలు, ఇంటి ఆవు పాలు, పెరటి కూరలు తినే కుటుంబాలు ఆ బూడిదతోనే జీవించాయి. తరువాతి దశాబ్దాల్లో తమ ఇళ్ళలో క్యాన్సర్ మరణాలను లెక్కపెట్టుకున్న ఈ లోయ ప్రజలు 2005లో సంఘంగా ఏర్పడి న్యాయం కోసం పోరాటం మొదలుపెట్టారు. 1990లో అమెరికా ప్రభుత్వం అణుపరీక్షల బాధితుల పరిహార చట్టం చేసినప్పుడు నెవాడా పరీక్షల గాలి సోకిన కొన్ని ప్రాంతాలవారికి చోటు దొరికింది గాని, మొదటి బాంబు గాలి పీల్చిన న్యూ మెక్సికో వారికి దొరకలేదు. ఆ చట్టాన్ని సవరించి వారిని చేర్చింది 2025 జూలైలో. అప్పటికి ఎనభై ఏళ్ళు గడిచాయి. ఆ ఉదయం ఆటలాడుకుంటూ బూడిదను చేతుల్లోకి తీసుకున్న పిల్లల్లో అనేకులు అప్పటికి బతికి లేరు.

నేడు ట్రినిటీ స్థలాన్ని ఏడాదికి ఒకటి రెండు రోజులు మాత్రమే జనానికి తెరుస్తారు. అక్కడి పచ్చగాజు ముక్కను జేబులో వేసుకోవడం నేరం.

ఆ విధంగా ఒకే లోయలో రెండు నిప్పులు రాతిని కరిగించాయి. ఒకటి ముప్ఫయి ఏళ్ళు నింపాదిగా పారింది. రెండవది కొన్ని క్షణాల్లో ముగిసింది. మొదటి నిప్పు చల్లారాక దాని నెర్రెల్లో జునిపర్ మొలిచింది, ఎలుక తన రంగు మార్చుకొని ఇల్లు కట్టుకుంది. రెండవ నిప్పు విడిచిన దానికి రంగు లేదు, వాసన లేదు. గుడ్లగూబ నుంచి దాగినట్టు దాని నుంచి దాగడానికి ఎలుకకైనా మనిషికైనా మార్గం లేదు. అయిదు వేల ఏళ్ళ వ్యవధి దొరికితే జీవం దేనికైనా అలవాటు పడవచ్చునేమో. మనిషి తన ఆయుధాలతో ఇచ్చే వ్యవధి మాత్రం అంత ఉండదు.

చూడవలసినవి

కారిజోజోకు ఒక రోజు కేటాయించే యాత్రికులు రెండు రోజులుంటే మంచిది. దక్షిణంగా నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో ‘త్రీ రివర్స్’ అనే చోట, క్రీ.శ. 900-1400 మధ్య హోర్నాడా మొగొయాన్ ప్రజలు రాళ్ళమీద చెక్కిన 21 వేలకు పైగా బొమ్మలున్నాయి. కొమ్ముల గొర్రెలు, పక్షులు, చేపలు, ముఖాలు, చుక్కల వలయాలు. అవీ నల్లబారిన రాతిమీద గీసినవే. ఈ నేలను వారు ఏమని పిలిచేవారో గాని, చెడ్డదని మాత్రం అనుకున్నట్టు ఆ బొమ్మలు చెప్పవు. తూర్పున కాపిటన్ కొండల్లో 1950లో కార్చిచ్చు నుంచి కాపాడిన ఎలుగుపిల్లే, అడవిమంటల నివారణకు అమెరికా అంతటా గుర్తయిన ‘స్మోకీ’ అయింది. నిప్పు కథలు లేని దిక్కు ఈ ప్రాంతంలో లేదు.

లావా మీద ఉదయం వేళ అందరికంటే ముందు లేచినవారికి ఒక దృశ్యం దక్కుతుంది. ఎండ ఇంకా మిట్టను తాకదు. రాత్రి మంచు నెర్రెల అంచున సన్నగా మెరుస్తుంటుంది. రాతిసందులో పేరుకున్న పిడికెడు దుమ్ము మీద, చూపు నిలిపితే, చుక్కల ముగ్గులా చిన్న చిన్న అడుగుజాడలు కనబడతాయి. అవి వరుసగా ఒక గడ్డిదుబ్బు దాకా వెళ్ళి, తిరిగి ఒక కన్నం దగ్గర ఆగుతాయి. రాత్రంతా గుడ్లగూబ పిలుస్తూనే ఉంది. అయినా ఎలుక గింజలతో ఇంటికి చేరింది.